పండక్కి వచ్చిన పెట్టె

అరిసెల పాకం, వాకిట్లో ముగ్గు, ఒంటికి నలుగు ఎప్పుడూ ఉండేవే. వాటి పక్కన ఇప్పుడు నెలనెలా పార్సిల్‌లో వచ్చే సింగారం పెట్టె చేరింది. నెల్లూరు జిల్లా కలిగిరి వైపు మెట్ట పల్లెల్లో పండగ ఎన్ని రకాల పెట్టెల్లో దిగుతుందో ఒకసారి మూతలు తీసి చూస్తే...

ధనుర్మాసం మొదలైందంటే కలిగిరి సెంటర్లో రెండు రకాల జనం కనపడతారు. బస్సు దిగి బెల్లం, నువ్వులు, నూనె డబ్బాలు బేరం చేసేవాళ్ళు ఒక రకం. ఫోను చెవికి ఆనించుకుని "రామాలయం దాటినాక ఎడం పక్క సందు అన్నా, మూడో ఇల్లు, ముందర వేపచెట్టు ఉంటాది" అని దారి చెప్పేవాళ్ళు ఇంకో రకం. అవతల ఆ దారి వింటున్నది, తన ఒంటికన్నా పెద్ద సంచీ వీపున తగిలించుకుని బండి ఓరగా ఆపుకున్న కుర్రాడు. ఆ సంచీలో చీరలుంటాయి, చార్జర్లుంటాయి, గోడకు అంటించే పూల స్టిక్కర్లుంటాయి, మిణుకు దీపాల తీగలుంటాయి. వాటి సందున నలగకుండా ఒక గులాబీ రంగు అట్టపెట్టె.

అలాంటి పెట్టె ఒకటి మా చుట్టాలింట్లో తెరుస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్ల పండక్కి ఊరికొస్తూ, ఈ నెల పెట్టెను ఊరి చిరునామాకే తెప్పించుకుంది. పైన రిబ్బను, లోపల చీరిన కాగితాల పరుపు, దానిమీద బుల్లి సీసాలు, ట్యూబులు అయిదు. పెదవులకు ఒకటి, కంటికి ఒకటి, మొహానికి రెండు, ఇంకొకటి దేనికో చీటీ చదివితే తప్ప తెలీదు. వాళ్ళ అవ్వ కళ్ళజోడు సర్దుకుని ఒక్కో సీసా ఎత్తి చూసింది.

"ఏందిమే ఇది? ఇంత పెట్టెలో ఇంతేనా ఉండేది?"

"శాంపిల్ అవ్వా. పూసుకుని చూసి, నచ్చితే పెద్దది కొనుక్కోవచ్చు."

"గాజులశెట్టి గూడా ఇట్నే ఒక గాజు తొడిగి చూపించేవాడు గదా. నచ్చకపోతే తీసేసేవాడు. చూసినందుకు డబ్బులడిగినోడు కాదు."

నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే అవ్వ మాటలో వ్యాపారం గురించి చాలానే ఉందనిపించింది.

చూసినందుకు డబ్బు

పూసి చూసేంత సరుకును పెట్టెలో పెట్టి, దానికి నెలచందా వసూలు చేయొచ్చన్న ఆలోచన మరీ పాతదేమీ కాదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో కలిసి చదువుకున్న కాట్యా బోషాంప్, హేలీ బార్నా అనే ఇద్దరమ్మాయిలు 2010లో న్యూయార్క్‌లో 'బర్చ్‌బాక్స్' మొదలుపెట్టారు. మొదట్లో నెలకు పది డాలర్లు కడితే నాలుగైదు నమూనాలున్న పెట్టె ఇంటికొచ్చేది. లోపల ఏముందో తెరిచిందాకా తెలిసేది కాదు. ఆ తెలియకపోవడమే సరదా, ఆ సరదాకే ధర. మన దేశంలో 2012లో 'ఫ్యాబ్ బ్యాగ్' వచ్చింది. దాన్ని నడిపిన వినీతా సింగ్, కౌశిక్ ముఖర్జీ దంపతులు ఆ తర్వాత 'షుగర్' పేరుతో సొంత సౌందర్య సాధనాలే అమ్మడం మొదలుపెట్టారు. సంచీలు పంపుతూ పోతే, ఏ వయసు అమ్మాయికి ఏ రంగు నచ్చుతుందో, ఏది పక్కన పడేస్తుందో తెలియకుండా ఉంటుందా? పెట్టె కొన్న పిల్ల శాంపిల్ చూస్తున్నాననుకుంటుంది. పెట్టె పంపినవాళ్ళు ఆ పిల్లను చూస్తుంటారు.

ఆ లెక్కన గాజులశెట్టి తక్కువవాడేం కాదు. ఏ ఇంటి కోడలి మణికట్టు ఎంతో, ఎవరికి ఎర్ర గాజులు ఇష్టమో, ఎవరింట్లో సీమంతం దగ్గరపడిందో అతనికి పుస్తకం లేకుండానే గుర్తు. గాజుల మలారం భుజాన వేసుకుని పండగ ముందు ఊళ్ళోకి వచ్చేవాడు. అరుగు మీద చాప పరిచేవాళ్ళు. పదిమంది ఆడవాళ్ళు చుట్టూ చేరేవాళ్ళు. డబ్బుల్లేకపోతే చేటలో గింజలు కొలిచేవాళ్ళు, లేదంటే కళ్ళం నాటికి ఇస్తామని చెప్పేవాళ్ళు. గాజులు తొడిగేటప్పుడు ఒకటి పగిలితే నష్టం అతనిదే.

ఇంకో రకం వ్యాపారి కూడా ఉండేవాడు, ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తాడు. దువ్వుకున్నప్పుడు రాలిన చిక్కు వెంట్రుకల్ని చుట్టచుట్టి చూరులో దోపుకునేవాళ్ళు ఆడవాళ్ళు. అవి తీసుకుని బదులుగా పిన్నీసులు, బొట్టుబిళ్ళలు, పిల్లలకు బుడగలు, కాస్త ఎక్కువుంటే స్టీలు గిన్నె ఇచ్చేవాడు. పల్లెలో సింగారం బేరం ఎప్పుడూ రెండు వైపులా నడిచింది. ఊళ్ళోంచి జుట్టు పోయేది, ఊళ్ళోకి జడపిన్నులు వచ్చేవి.

కువైట్ కార్టన్

ఏముందో తెలియని పెట్టె తెరిచే సరదా ఈ ప్రాంతానికి ఫోన్ల కాలంలోనే వచ్చిందనుకుంటే పొరపాటు. ఉదయగిరి, వింజమూరు, ఆత్మకూరు వైపు పల్లెల్లో గల్ఫ్‌కి పోయిన మనిషి లేని వీధిని వెతకాలంటే కష్టం. వానను నమ్ముకున్న మెట్ట నేల. వాన తప్పితే పొట్ట చేతపట్టుకుని పోవాల్సిందే. మగవాళ్ళు డ్రైవర్లుగా, ఆడవాళ్ళు ఇంటి పనులకు పోయారు. రెండేళ్ళకో మూడేళ్ళకో సెలవు మీద వచ్చేటప్పుడు మద్రాసు విమానాశ్రయం నుంచి అద్దె కారు మీద దిగేది ఆ కార్టన్. ప్లాస్టిక్ తాడుతో అడ్డంగా నిలువుగా బిగించి, నల్ల మార్కరుతో పేరూ ఊరూ రాసి ఉండేది.

ఆ తాడు కత్తిరించే ఘడియకు వీధి వీధంతా ఆ ఇంట్లోనే ఉండేది. పాలపొడి డబ్బాలు, నారింజ రసం పొడి, తలనొప్పి తైలం బుడ్లు, అత్తరు, ఒంటికి కొట్టుకునే స్ప్రేలు, మెరిసే కాగితం చుట్టిన సబ్బులు. ఆ సబ్బుతో ఒళ్ళు రుద్దుకున్న ఇంట్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలీదు. సబ్బును బీరువాలో చీరల మధ్య పెట్టడమే ఎక్కువ చూశాను. వాసన కోసం. ఏడాది తర్వాత కూడా ఆ బీరువా తలుపు తీస్తే కువైట్ వచ్చి మొహాన తగిలేది.

ఒక సంగతి మాత్రం కచ్చితంగా గుర్తుంది. ఆ పెట్టెలోది ఏదీ ఒక్కరిది కాదు. తైలం బుడ్డి పక్కింటి ముసలాయనకి, సబ్బు ఆడబిడ్డకి, స్ప్రే మేనల్లుడికి. పంపకంలో ఒక ఇల్లు మర్చిపోతే ఆ మాట పదేళ్ళు నడిచేది. గులాబీ రంగు పెట్టె తెరిచిన పిల్లను పంచలేదని తప్పు పట్టలేను. అయిదు మిల్లీలీటర్ల సీసాను ఎంతమందికి పంచుతుంది?

ముందే కట్టిన పండగ

నెలనెలా కొంచెం కట్టి చివర్న పెట్టె అందుకోవడం మాకు కొత్తగా నేర్పాలా? సంక్రాంతి చీటీ ఏమిటి మరి!

ఎరగని పట్నం పాఠకుల కోసం చెప్తాను. వీధిలో ఒకామె పెద్దగా ఉంటుంది. ఇరవై ముప్ఫయి ఇళ్ళవాళ్ళు నెలనెలా ఇంత అని ఆమె చేతికిస్తారు. పొడుగాటి నోటుబుక్కులో పేరుకెదురుగా టిక్కు. సంక్రాంతికి పది పదిహేను రోజుల ముందు, ఆ డబ్బుతో టోకున సరుకు దించి పంచుతారు. ఉదాహరణకు నెలకు 300 అనుకోండి, పన్నెండు నెలలకు 3,600. నూనె, బెల్లం, శనగపప్పు, మినప్పప్పు, నువ్వులు, నెయ్యి, చక్కెర. కొన్ని చీటీల్లో పైన ఒక స్టీలు బిందో, చీరో. ఇందులో ఆశ్చర్యం పాలు సున్నా. జాబితా మొదటి నెలే ఖాయం. పండగ రోజు చెయ్యి చాచక్కర్లేదన్న ధీమా కోసమే కట్టేది. అక్కడి పెట్టె తెలియనితనాన్ని అమ్ముతుంది, ఇక్కడి చీటీ తెలిసినతనాన్ని ఇస్తుంది.

ఈ ఏర్పాటు ఎందుకు కుదిరిందో అర్థం కావాలంటే ఇక్కడి రాబడి ఏ నెల్లో వస్తుందో చూడాలి. కలిగిరిలో పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది, డి.సి.పల్లిలో ఇంకోటి. వానలు వెనకబట్టే రోజుల్లో నాటిన పొగాకు, సంక్రాంతి వేళకు పచ్చగా చేలోనే ఉంటుంది. కొయ్యాలి, బ్యారన్లో కాల్చాలి, గ్రేడు చెయ్యాలి, బేళ్ళు కట్టాలి. వేలానికి తెచ్చి డబ్బు చూసేసరికి ఎండలు ముదురుతాయి. అంటే పెద్ద పండగ సరిగ్గా పెట్టుబడి అంతా నేలలో ఉన్నప్పుడే వస్తుంది. కోస్తా డెల్టాలో కొత్త ధాన్యం ఇంటికొచ్చాక వచ్చే పండగ, మెట్టలో చేతులు ఖాళీగా ఉన్నప్పుడు వస్తుంది. వేసవిలో డబ్బున్నప్పుడే జనవరి నాటి బెల్లానికి కట్టుకుంటూ పోవడం ఇక్కడి ఆడవాళ్ళు వేసిన లెక్క. నెలజీతం ఉన్నవాళ్ళకు ఈ తిప్పలు అక్కర్లేదు, అందుకే వాళ్ళకు నెలనెలా పెట్టె తెరిచే వీలుంటుంది.

ఆడవాళ్ళ లెక్క అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. దూబగుంట కలిగిరి మండలంలోదే. అక్షరజ్యోతి రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు 1992లో సారా దుకాణాన్ని ఊరు దాటించిన ఊరు. వాళ్ళకు ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. ఆ ఊరి కథ వయోజన విద్య వాచకంలో పాఠమై, ఇంకెన్నో ఊళ్ళలో ఆడవాళ్ళు చదివారు. జిల్లాలో సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. ఆ వెంటే వచ్చింది నెల్లూరు జిల్లా 'పొదుపులక్ష్మి'. రోజుకు ఒక్క రూపాయి. సారాకు పోయే డబ్బులోంచి రూపాయి తీసి పక్కనపెట్టడం. నెలకు ముప్ఫయి, ఏడాదికి 365. ఇప్పుడు వినడానికి చిన్న సంఖ్యే. తన పేరు మీద ఒక పుస్తకం ఉండటం, దానిలో తన సంతకం ఉండటం, ఆ రూపాయి ఎటు పోతుందో తనే చెప్పగలగడం, ఇవన్నీ అప్పటికి ఆ ఇంట్లో కొత్త. పాత సారా రోజుల్లో సంక్రాంతి అంటే పిల్లలకు భయం కూడా ఉండేదని ఆ వయసువాళ్ళు చెప్తారు. కనుమ నాడు నాన్న ఏ స్థితిలో ఇంటికొస్తాడో తెలీదు. ఆ ఇళ్ళలో అరిసెల వాసన ఊరికే రాలేదు.

సర్కారువారు కూడా పండగ సంచీ పంచారు. 2015 సంక్రాంతికి ఆంధ్రప్రదేశ్‌లో 'చంద్రన్న సంక్రాంతి కానుక' పేరుతో రేషను కార్డు మీద ఉచితంగా ఆరు సరుకులు ఇచ్చారు. కందిపప్పు, శనగపప్పు, బెల్లం, పామాయిలు, గోధుమపిండి, నెయ్యి. 2019 దాకా నడిచింది. క్రిస్మస్‌కి, రంజాన్‌కి కూడా అలాంటివే ఇచ్చారు. ఉచితం కాబట్టి పుచ్చుకున్నారు, వంద గ్రాముల నెయ్యి మీద జోకులూ వేసుకున్నారు. సొంతంగా కట్టిన చీటీ సరుకును మాత్రం ఇప్పటికీ గింజ గింజా చూసి, తూకం వేసి తీసుకుంటారు.

చీటీని మరీ ఆకాశానికెత్తను. మాకు తెలిసిన ఒక వీధిలో చీటీ కట్టించుకున్న మనిషి కార్తీకమాసం వెళ్ళాక కనపడలేదు. ఆ ఏడు ఆ వీధి మొత్తం పావుకిలో నువ్వులతో పండగ చేసుకుంది. అంతా నోటిమాట మీద నడిచే వ్యవహారం, కాగితం ఉండదు. చిట్‌ఫండ్స్ చట్టం 1982 నుంచీ ఉంది, చీటీ నడపాలంటే ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ కావాలి. లక్కీ డ్రా పెట్టి బహుమతులిచ్చే ప్రైజు చిట్లను 1978 చట్టమే నిషేధించింది. వీధి చివర తెలిసిన మనిషికి నెలకు మూడొందలిచ్చే ఇల్లాలికి ఇవన్నీ గుర్తుంటాయా? కనీసం తన దగ్గర కూడా ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, ప్రతి నెలా అవతలి మనిషి చేత సంతకం పెట్టించుకుంటే పోలీసు స్టేషను మెట్లెక్కిన రోజు చూపించడానికైనా ఉంటుంది. దీన్ని అవమానంగా తీసుకునే మనిషి దగ్గర చీటీ కట్టకపోవడమే మేలు.

పాకం దగ్గర మాటలొద్దు

సరుకు ఇంటికొచ్చింది. ఇక పొయ్యి కథ.

అరిసె అందరికీ కుదిరే వంట కాదు. బియ్యం నానాలి. తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే పిండి పట్టించాలి, పిడికిట పడితే ఉండ నిలవాలి. పిండి సిద్ధమైనా, అసలు పరీక్ష బెల్లం పాకంలో ఉంది. నీళ్ళ గిన్నెలో చుక్క వేసి వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. ఒక్క నిమిషం ముందు దించితే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ఒక్క నిమిషం ఆలస్యమైతే భోగి నాటికి రాయి. ఆ నిమిషాన్ని పట్టుకోగల మనిషి వీధికి ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ళకు పండగ ముందు వారమంతా ఊపిరాడదు. ఈ ఇంట్లో తెల్లారుఝామున, ఆ ఇంట్లో మధ్యాహ్నం, ఇంకో ఇంట్లో రాత్రి దీపాలు పెట్టాక. కూలి తీసుకోరు. పళ్ళెంలో పది అరిసెలు, తమలపాకులు, రవికె గుడ్డ. పాకం మరుగుతున్నంత సేపూ ఆమెను ఎవరూ పలకరించరు. ఇంటి యజమాని కూడా.

తర్వాత మాత్రం గోలే గోల. ఒకరు అద్దుతారు, ఒకరు నువ్వులు చల్లుతారు, ఒకరు వేస్తారు. తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య అదిమి నూనె పిండటం కాస్త బలమున్న మగపిల్లలకు అప్పగించే ఒకే ఒక్క పని. మెట్ట ఊళ్ళు కాబట్టి సజ్జ బూరెలు కూడా ఉంటాయి. పట్నంలో చిరుధాన్యాలంటూ గాజు సీసాల్లో అమ్ముతున్న సజ్జను మా పెద్దవాళ్ళు వరి బియ్యం కొనలేక తిన్నారు. వాళ్ళు బతికుండి ఆ సీసా మీద ధర చూస్తే ఏమనేవాళ్ళో!

వంటింటి గరిటెల మాట వస్తే ఉదయగిరిని తలవకుండా దాటలేం. కొండ దుర్గం కింద ఆ ఊళ్ళో చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేతితో చెక్కుతారు. నర్ది, బిక్కి, దేవదారి లాంటి అడవి కర్ర. చెక్కేవాళ్ళలో ఎక్కువమంది ముస్లిం కుటుంబాలవాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు. పిడి చివర జాలీ చెక్కడానికి ఓపిక ఎంత కావాలో ఒకసారి పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది. ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. దూరాన ఉన్నవాళ్ళు లేపాక్షి హస్తకళల దుకాణాల్లో వెతికి కొంటారు. పక్కనే ఉన్న మనం మాత్రం పండక్కి ప్లాస్టిక్ డబ్బాల సెట్టు కానుక ఇస్తాం. ఇదే ఉదయగిరిని గెలిచి శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకుపోయి 1515లో గుడి కట్టి నిలిపాడు. రాజుకు తెలిసింది ఈ ఊరినుంచి ఏది తీసుకుపోవాలో.

ఇప్పుడు పెట్టెలు ఎదురు కూడా నడుస్తున్నాయి. కువైట్ నుంచి కార్టన్ రావడం తగ్గింది, కలిగిరి నుంచి అమెరికాకు అరిసెలు పోవడం పెరిగింది. కొరియరు వాళ్ళు పచ్చళ్ళు, పిండివంటలు తూకమేసి పంపుతామని బోర్డులు కట్టారు. ఒక్కోసారి సరుకు ఖర్చు కంటే పంపే ఖర్చే ఎక్కువ. కూతురికి పంపేటప్పుడు ఏ తల్లీ ఆ లెక్క వేయదు. కిలోకు ఎన్ని అరిసెలు పడతాయన్నదే ఆమె చూసుకునే లెక్క. అందుకే అమెరికా అరిసెలు కాస్త పల్చగా ఉంటాయని ఒకావిడ నాతో గుట్టుగా చెప్పింది.

గడప, గోడ, వాకిలి

ఇంటి సింగారంలో మునుపు కొనేది తక్కువ, చేసేది ఎక్కువ. సున్నంలో నీలిమందు కలిపి గోడలకు, అడుగున ఎర్రమన్ను పట్టీ. గడపకు పసుపు, దానిమీద కుంకుమ బొట్లు, మధ్యలో బియ్యప్పిండి గీతలు. గుమ్మానికి మామిడాకులు, బంతిపూలు. వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు, మధ్యన గొబ్బెమ్మలు, వాటిమీద గుమ్మడిపూలు. ఇప్పుడు గోడలకు ఎమల్షను, గడప టైల్సు. తోరణం ప్లాస్టిక్‌ది, కడిగి దాచుకుంటే మళ్ళీ ఏడాదికి వస్తుంది. టైల్సు గడపకు పసుపు పట్టదు. అందుకని పసుపు రంగు స్టిక్కరే అంటిస్తున్నారు. నాకు నచ్చలేదు. కానీ నాలుగింటికి లేచి గడప కడిగేది నేను కాదు, కాబట్టి నా ఇష్టానికి విలువ తక్కువ.

ముగ్గు మాత్రం చెక్కుచెదరలేదు. పెరిగింది కూడా. సిమెంటు రోడ్డు పడ్డాక ముగ్గుకు మంచి పలక దొరికినట్టయింది. భోగి ముందు రాత్రి పది దాటాక రోడ్డంతా ఆడపిల్లలే. ఫోనులో డిజైను, పక్కన రంగుల పొట్లాలు, వచ్చే బండ్లను ఆపడానికి ఒక తమ్ముడు. పొద్దున్నే హరిదాసు, గంగిరెద్దు ఆ ముగ్గు తొక్కకుండా పక్కనుంచి పోవడం కూడా ఒక విద్యే.

అంతకు ముందు నెలలోనే ఇంకో అలంకారం వచ్చి ఉంటుంది. డిసెంబరు మొదటి వారానికే క్రైస్తవుల ఇళ్ళ మీద నక్షత్రాలు వెలుగుతాయి. మునుపు వెదురు పుల్లలకు రంగు కాగితం అంటించి లోపల బల్బు పెట్టేవాళ్ళు. ఇప్పుడు కొన్నవే. నెల్లూరు జిల్లాలో ఆ నక్షత్రానికి వేరే కథ కూడా ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు తక్కువే. మిషను మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. పటం మీద తెలుగు నేలన వాళ్ళకున్న చుక్క నెల్లూరు ఒక్కటే. ఆ ఒంటరి చుక్క మీద శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి పద్యం రాశాడు. మిషను నిలబడింది. దానికి 'లోన్ స్టార్ మిషన్' అన్న పేరు పడింది. తర్వాత ఉదయగిరి, ఆత్మకూరు, కావలిలోనూ వాళ్ళ కేంద్రాలు వెలిశాయి. ఇప్పుడు డిసెంబరు రాత్రి కావలి నుంచి వింజమూరు వైపు బస్సులో వస్తూ కిటికీలోంచి చూస్తే చుక్కలు లెక్కపెట్టడం కుదరదు. నక్షత్రం దించేలోపే ఎదురింట్లో గొబ్బెమ్మలు మొదలవుతాయి. కేకు ముక్క అటు పోతుంది, అరిసె ఇటు వస్తుంది.

మెరుపు ఎక్కడిది

భోగి తెల్లవారుఝామున మంట దగ్గర నుంచి లేచి నువ్వులనూనె పట్టించుకుని నలుగు పెట్టుకోకపోతే ఆ స్నానం స్నానం కాదు. మా ఇళ్ళలో నలుగు పిండికి పెసలు, శనగలు, పిడికెడు బియ్యం, కస్తూరి పసుపు, కచ్చూరాలు, బావంచాలు, ఎండిన బత్తాయి తొక్క. అన్నీ ఎండబెట్టి మర పట్టించి డబ్బాకెత్తితే ఏడాదంతా వస్తుంది. ఇదే పిండి అందమైన కాగితపు డబ్బాలో, పైన తామరపువ్వు బొమ్మతో, మన పిల్ల పెట్టెలోకి శాంపిల్‌గా వచ్చింది. అవ్వ మూత తీసి వాసన చూసి, "కచ్చూరాలు పాతవి" అంది.

ఇంట్లో చేసిందల్లా మంచిదే అనుకోనక్కర్లేదు. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మానికి ఎండ తగిలితే త్వరగా కందేలా చేస్తుంది. బొల్లి మచ్చల వైద్యంలో దాన్ని వాడేది కూడా ఆ గుణం వల్లే. అందుకే ఆ పిండి రుద్దుకుని ఎండలో తిరగొద్దనే మాటకు అర్థముంది. అట్లాగే పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని పారాణి కలిపిన ప్రతి చేతికీ తెలుసు, కుంకుమ పుట్టుక కూడా అదే దారి. పది రూపాయలకు దోసెడు వచ్చే మిలమిలల కుంకుమలో పసుపు ఏపాటిదో ఆలోచించుకోవాలి. పెట్టెలో వచ్చిన క్రీమైనా, సంతలో కొన్న కుంకుమైనా ముందు మోచేతి మడత లోపల కొంచెం రాసి ఒక రోజు ఆగితే పోయేదేం లేదు. పండగ రోజు మొహం వాచిపోయి ఫొటోలకు దూరంగా కూర్చున్న పిల్లను చూసి చెప్తున్నాను.

ఇంతకీ ఆ పిల్ల పెట్టెలో కంటిమీద అద్దుకునే మెరుపు పొడి ఒకటుంది. గోరంత రాస్తే రెప్ప తళతళ. ఏముందో చూద్దామని భూతద్దం పెట్టి వెనక చీటీ చదివాను. 'మైకా'. అంటే మన కాకిబంగారం! గూడూరు, రాపూరు నుంచి ఆత్మకూరు, కావలి దాకా పరుచుకున్న నెల్లూరు అభ్రకం పట్టీ దేశంలో పేరున్న వాటిలో ఒకటి. ఇక్కడి రాయికి సన్నటి ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. ఒకప్పుడు ఆ పలకలు కరెంటు సామాన్లలోకని ఓడలెక్కి పోయేవి. ఆ గనుల్లో చాలావరకు ఎప్పుడో మూతపడ్డాయి. పొలాల్లో మెరిసే ముక్కల్ని ఏరుకుని బంగారమని దాచుకున్న పిల్లలు ఈ జిల్లాలో ఎంతమందో. ఆ ముక్కనే దుమ్ములా నూరి, రంగు కలిపి, గులాబీ పెట్టెలో పెట్టి మళ్ళీ మనకే పంపితే ఎట్లా ఉంటుంది? ఈ డబ్బాలోది నెల్లూరు రాయో, జార్ఖండ్ రాయో చీటీ మీద రాయలేదు. జార్ఖండ్ గనుల్లో పసిపిల్లల చేత తవ్విస్తున్నారని బయటపడ్డాక పెద్ద పెద్ద సౌందర్య కంపెనీలే సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. రాయి ఎక్కడిదో రాసే చోటు ఆ చీటీ మీద ఇంకా ఏర్పడలేదు.

అవ్వకి కాకిబంగారం సంగతి చెప్తే, ఆ పొడి వేలికి రాసుకుని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికి డబ్బులు కట్టినావా?" అని మనవరాలిని అడిగి, జవాబు కోసం ఆగకుండా ముగ్గు రంగుల పొట్లాలు ఆ ఖాళీ పెట్టెలో సర్దేసింది. సరిగ్గా పట్టాయి.

కనుమ మర్నాడు పొద్దున చీటీ నడిపే ఆమె కొత్త నోటుబుక్కుతో వచ్చి అరుగు మీద కూర్చుంది. మొదటి పేజీ గీతలు కొట్టి ఉంది, పేర్లు ఇంకా రాయలేదు. మనవరాలు బస్సుకి టైమవుతోందని సంచీ జిప్పు లాగుతోంది. అవ్వ కొంగుముడి విప్పింది.

"ఈ ఏడు మా పిల్ల పేరు గూడా రాయి. రెండు చీటీలు."

"అట్నేలే పెద్దమ్మా. సరుకులు పోయినేటివేనా?"

"నెయ్యి మార్చుమే. పోయినేటిది బాలేదు."

ఆమె పెన్ను తీసి, నెయ్యి అని రాసి, పక్కన పెద్ద సున్నా చుట్టింది.